జానెడు పసుపు దారం

నాకు సన్మానం చేస్తామని సుమన్ ఇంటికి వచ్చినప్పుడే వద్దనాల్సింది. అనలేదు. పొగడ్త ఎవరికి చేదు? సుమన్ సూరత్‌లో మా డిండోలి పద్మశాలి సమాజానికి సెక్రటరీ.

"అంకుల్, మనోళ్లల్ల ఇన్ని దేశాలు తిరిగింది మీరొక్కరే. పోరగాళ్లకు జర మోటివేషన్ అయితది. పాస్‌పోర్టులు గూడ పట్టుకరాండ్రి" అన్నాడు.

నాలుగు పాత పాస్‌పోర్టులూ బీరువాలోంచి తీసి, రబ్బరు బ్యాండు వేసుకుని ఆదివారం పొద్దున బయలుదేరాను. అరవై మూడేళ్లవాణ్ణి, పెళ్లిచూపులకు వెళ్తున్నట్టు రెండుసార్లు చొక్కా మార్చాను కూడా.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక బట్టల ఎగుమతి కంపెనీలో అమ్మకాలు చూశాను. దుబాయ్, నైరోబీ, కాసాబ్లాంకా, ఇస్తాంబుల్. ఎక్కడికి వెళ్లినా రెండు సూట్‌కేసులు. ఒకదానిలో శాంపిళ్లు, రెండోదానిలో కోటు, టై, సెంటుసీసా. సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడులో పెరిగినవాణ్ణని ఏ దేశంలోనూ ఎవరికీ చెప్పలేదు. అడిగితే 'ఫ్యామిలీ బిజినెస్' అనేవాణ్ణి. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి, ఇక్కడి ఉధనాలో అదే కంపెనీ సేఠ్ సాంచ మీద పన్నెండు గంటలు నిలబడి బట్ట నేసేవాడు. ఫ్యామిలీ బిజినెస్సట!

హాలులోకి అడుగు పెట్టగానే మొదటి వరుసలో అంబదాసన్న కనిపించాడు. నాకు అక్కడినుంచే వెనక్కి పోవాలనిపించింది.

ఆయన సాంచ మా నాన్న సాంచ పక్కనే ఉండేది. తెగిన పోగుకు ముడి వేయడం, సాంచ కింద రాలిన కచరా ఊడ్చి పారేయడం నాకు నేర్పింది ఆయనే. సాంచకు కొత్త బీము, అంటే పడుగు నూలు చుట్టిన రోలరు, ఎక్కించిన రోజు మావాళ్లకొక అలవాటు ఉండేది. పసుపు పూసిన దారం ఒకటి తీసుకుని, మొదటి తాకా అంచులో జానెడు మేర నేతలో కలిపేవాళ్లు. తాకా అంటే ఇక్కడ నూరు మీటర్ల బట్ట. ఊళ్లో అయితే మగ్గానికే పసుపు పెట్టుకునేవాళ్లు. ఇక్కడ సాంచ సేఠ్‌ది, పూజకు టైము ఇవ్వడు, కాబట్టి ఆ పసుపు బట్టలోకి వెళ్లింది. నూరు మీటర్లలో జానెడు దారం ఎవరికి కనబడుతుంది?

ఇరవై ఏళ్ల కిందట ఇస్తాంబుల్‌లో కనబడింది. సరుకు కొనే పెద్దాయన నేను తెచ్చిన బట్టను బల్ల మీద పరిచి, అంచు మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అన్నాడు. ఆ అంచు మొదట్లోనే సాంచ నంబరు రాసి ఉంది. అది అంబదాసన్న నంబరు. అద్దాల ఆఫీసు, ఏసీ గది, నాకు మాత్రం చెమటలు పట్టాయి. కోటు విప్పించి లోపలి చిరుగుల బనియను చూసినట్టనిపించింది. గబగబా క్షమాపణ చెప్పాను. ఆయన వింతగా చూసి, "ఊరికే అడిగాను, బాగుంది" అని రంగుల మాటలోకి వెళ్లిపోయాడు. ఆర్డరు కూడా ఇచ్చాడు.

అక్కడితో ఊరుకున్నా మనిషిననిపించుకునేవాణ్ణి. హోటల్‌కు వెళ్లి కంపెనీకి మెయిల్ రాశాను. అంచులో పసుపు దారం వచ్చిందని సరుకు కొనే పార్టీ గొడవ చేసింది, ఫలానా నంబరు సాంచ, గట్టి చర్య తీసుకోండి అని. సేఠ్ దగ్గర గట్టి మేనేజరునని అనిపించుకోవాలి. నా పుట్టుక ఇంకెప్పుడూ ఏ బల్ల మీదా పరుచుకోకూడదు. అంతే కారణం. నేను తిరిగొచ్చేసరికి అంబదాసన్నను పనిలోంచి తీసేశారు. ఆయన గోడాదరాలో వేరే సాంచలు వెతుక్కున్నాడు. ఆ తరవాత ఏ పెళ్లిలో ఎదురుపడినా నేను భోజనాల వైపు తప్పుకునేవాణ్ణి.

మా సమాజంలో శాలువా కప్పేది నాయకులు కాదు, అందరికన్నా పెద్ద నేతగాడు. ఈసారి ఆ పెద్ద అంబదాసన్న. నెమ్మదిగా మెట్లెక్కి వచ్చి శాలువా కప్పాడు. సుమన్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"మల్లేషూ, నీకొక మాట చెప్పాలని ఇరవై ఏండ్ల సంది సూస్తున్న. నువ్వేమో దొరకవైతివి. నా పసుపు దారంతోని పరాయి దేశంల నీ తల దించిన. పార్టీ లొల్లి వెట్టిందని సేఠ్ చెప్పిండు. గప్పటి సంది నేను మళ్ల ఆ దారం వెయ్యలె. నా కొడుకులను గూడ వెయ్యనియ్యలె. మాఫ్ చెయ్యి తమ్మీ."

మైకును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నాకు దండం పెట్టాడు. హాలంతా చప్పట్లు. శాలువా కింద నా ఒళ్లు మండిపోయింది.

"అయ్యో, అదేం లేదన్నా" అని నవ్వి కౌగిలించుకుంటే సరిపోయేది. ముప్ఫై ఒక్క ఏళ్లు అలాంటి నవ్వులతోనే నెట్టుకొచ్చాను. నవ్వబోయాను కూడా. కానీ ఆ జోడించిన చేతులు కిందికి దిగడం లేదు. నేను క్షమించానని చెప్పేదాకా దిగేట్టు లేవు.

"పార్టీ లొల్లి వెట్టలేదన్నా" అన్నాను. మైకు మా ఇద్దరి మధ్యే ఉంది, అందరికీ వినబడింది. "ఇదేంది అని ఊరికె అడిగిండు. బాగుందన్నడు. లొల్లి నేను రాసిన. నిన్ను తీయించింది నేనే."

చప్పట్లు ఆగిపోయాయి. సుమన్ మైకు కోసం చేయి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అంబదాసన్న తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పోయిన పని గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

"గాయిన బాగుందన్నడా?" అని అడిగాడు. ముడతలుపడిన ఆ ముఖంలో చిన్న సంతోషం.

"అన్నడు."

"మరి ఇదేందని అడిగితే, నువ్వేం చెప్పినవ్?"

అందరూ నా వైపే చూస్తున్నారు. నాలుగు పాస్‌పోర్టులు బల్ల మీద ఉన్నాయి. ఆ రోజు నేను అన్నది ఇంగ్లీషు మాట. దాన్ని సూరత్‌లో ఏమంటారో ఆ హాలులో పసిపిల్లలకు కూడా తెలుసు.

"కచరా అని చెప్పిన, అన్నా."