సరుగుడాకు

చీరాల దగ్గర ఆ చిన్న చర్చిలో బల్ల మీద పెట్టే పూలు పన్నెండేళ్ళుగా దేవకుమారి పెరట్లోవే. ఈ ఏడు పాస్టరు అయ్యగారికి కొత్త ఆలోచన వచ్చింది. క్రిస్మస్ పూలు చర్చి ఆవరణలోనే పూయాలన్నారు. గేటు దగ్గర రెండు పెద్ద సరుగుడు చెట్లున్నాయి. ఒకదాని కింద చోటు దేవకుమారికిచ్చి, రెండోది జూన్‌లో బడికి టీచరుగా వచ్చిన హెలెన్‌కిచ్చారు. మొన్న వచ్చిన పిల్లకి తనతో సమానంగా ఓ చెట్టా! దేవకుమారికి ఒళ్ళు మండిపోయింది.

తను గులాబీలు, చేమంతులు నాటింది. హెలెన్ కనకాంబరాలు నాటింది.

"పైన్ చెట్ల కింద ఏమేం పెరుగుతాయో ఫోన్‌లో చూశానక్కా," అంది హెలెన్. "మన సరుగుడూ చూడ్డానికి అట్టాంటిదేగా. నీడకి తట్టుకునేవే వేసుకోమన్నారు."

"మొక్కల సంగతి మాకు ఫోన్లు చెప్పాలా అమ్మా?" అంది దేవకుమారి.

ఆమెకి నేల అద్దంలా ఉండాలి. రోజూ తెల్లారగానే తన చెట్టు కింద రాలిన సన్నటి ఆకంతా ఊడ్చేది. ఎవరూ చూడట్లేదు కదా అని చుట్టూ చూసుకుని, ఆ గంపెడాకూ హెలెన్ మొక్కల మొదళ్ళలో కుమ్మరించేది. ఊపిరాడక చావాలి, అంతే. ఆ తర్వాత చేతులు కడుక్కుని ప్రార్థనకి కూర్చునేది.

నవంబరు కల్లా ఆమె గులాబీలు ఎండ పొడ లేక వాడిపోయాయి. ఊడ్చిన ఇసుకలో ఎన్ని నీళ్ళు పోసినా నిలవలేదు. హెలెన్ కనకాంబరాలు మాత్రం విరగబూశాయి. చూసినప్పుడల్లా దేవకుమారి ఇంకో గంప ఎక్కువ పోసేది.

క్రిస్మస్ నాడు బల్ల మీద కనకాంబరాలే. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి హెలెన్ లేచింది.

"నేను నాటానంతేనండి. రోజూ ఆకు కప్పి, తడి ఆరకుండా కాపాడింది దేవకుమారక్క. ఎదురుగా మా ఇంటి కిటికీలోంచి చూసేదాన్ని. తన మొక్కలకి కూడా ఉంచుకోకుండా నా వాటికే పోసింది."

చర్చంతా చప్పట్లు. "స్తోత్రం!" అన్నారు. పన్నెండేళ్ళు పూలు తెచ్చినా ఒక్కసారీ రాని చప్పట్లు. దేవకుమారి లేచి నిలబడింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"దేవునికే మహిమ," అని కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆకు ఊడ్చి గంపకెత్తింది. పోస్తే ఆ పిల్ల తోట ఇంకా పూస్తుంది. పొయ్యకపోతే అందరూ ఎందుకని అడుగుతారు. పళ్ళు నూరుకుంటూ హెలెన్ కనకాంబరాల మొదళ్ళలోనే పోసింది. పోసి, ఈసారి ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూసింది.