రెండు ఊళ్ళలో చెరి సగం పాట

జాన్ తన ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌ను ఏడాదికి ఒక్కసారే ఆన్ చేస్తాడు. మే నెలలో, వాళ్ళ నాయన పోయిన రోజున. నంద్యాలలో ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసులో పనిచేసే మనిషికి ఇంకో మంచి కంప్యూటర్ లేకనా? ఉంది. కానీ నాయన గొంతు ఉన్నది ఆ పాతదాంట్లో. అదీ పూర్తిగా లేదు.

ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జాన్ వాళ్ళ నాయన జోసెఫ్ ఆళ్ళగడ్డలో ఇళ్ళకు సున్నాలు వేసేవాడు. ఆదివారం వచ్చిందంటే చర్చిలో హార్మోనియం ముందు కూర్చునేవాడు, ఇక ఆయన్ని అక్కడినుంచి లేపడం పాస్టరు తరం కూడా అయ్యేది కాదు. 2011 క్రిస్మస్‌కు ఆయన పాడిన పాటలన్నీ ఊళ్ళో నెట్ సెంటర్ నడిపే అజయ్ కుమార్ రికార్డు చేశాడు. మూడు గంటల పాటలు, ఒకే పెద్ద ఫైలు. అప్పటి నెట్‌కు అంత ఫైలు పంపడమంటే మాటలు కాదు. అందుకని అజయ్ కుమార్ దాన్ని టొరెంట్‌లో పెట్టాడు.

టొరెంట్ అంటే ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వస్తోంది. ఫైలు ఒకచోట కూర్చుని అందరికీ వడ్డించదు. ముక్కలుగా విడిపోతుంది. ఎవరి దగ్గర ఏ ముక్క ఉంటే వాళ్ళు లేనివాళ్ళకు ఇస్తారు, పంక్తిలో కూర గిన్నె చేతులు మారినట్టు. తీసుకునేవాడే ఇచ్చేవాడు కూడా. ఒక్కటే షరతు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ ఒకే సమయంలో కంప్యూటర్లు తెరిచి ఉంచాలి.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న జాన్ ఆ ఫైలు లాగడం మొదలుపెట్టాడు. ఆళ్ళగడ్డలో ఉన్న అన్న సాల్మన్ రాజు కూడా మొదలుపెట్టాడు. ఇద్దరికీ చాలావరకు వచ్చాక, ఏప్రిల్ వానకు అజయ్ కుమార్ నెట్ సెంటర్ మీద పిడుగు పడింది. కంప్యూటర్లన్నీ మాడిపోయాయి, అసలు ఫైలు కూడా పోయింది. పోతే పోయింది, నీ దగ్గర లేని ముక్కలు నా దగ్గర ఉంటాయి, తీరిగ్గా కలుపుకుందాం అనుకున్నారు అన్నదమ్ములు.

ఆ తీరిక రాలేదు. మే నెలలో జోసెఫ్ గుండె ఆగి పోయాడు. బెంగుళూరు నుంచి బయలుదేరిన జాన్ బస్సు దారిలో చెడిపోయింది. రెండు గంటలు ఆగమని ఫోన్లో అన్నను బతిమాలాడు. ఎండ మండిపోతోందని సంఘం పెద్దలు తొందరపెట్టారు, సాల్మన్ రాజు తలూపాడు. జాన్ వచ్చేసరికి తడి మట్టి దిబ్బ ఉంది, దాని మీద బంతిపూలు ఉన్నాయి. నాయన ముఖం చూడలేదు. ఆ రోజునుంచి అన్నతో మాట లేదు. తర్వాత ఉద్యోగం నంద్యాలకు మారి, ఆళ్ళగడ్డ గంట ప్రయాణమైపోయినా అంతే. అమ్మ హన్నమ్మతో మాత్రం ఫోన్లో మాట్లాడేవాడు. ఈ మధ్య ఆమె కూడా "ఆ, ఆ" అని పెట్టేస్తోంది. తన మీద కోపమొచ్చిందేమో అనుకున్నాడు. అడగడానికి అభిమానం అడ్డమొచ్చింది.

ఈ ఏడు కూడా ఆ రోజు సాయంత్రం జాన్ కంప్యూటర్ తెరిచాడు. టొరెంట్ ప్రోగ్రాం కూడా తనంతట తానే తెరుచుకుంది. ఏటా అక్కడ సున్నా కనిపిస్తుంది. ఈ ఫైలు తెరిచి ఉంచినవాళ్ళు లోకంలో ఎవరూ లేరని దాని అర్థం. ఇప్పుడు ఒకటి కనిపించింది.

జాన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ ఒక్కరు ఎవరో చెప్పే అంకెలు చూశాడు. అవి తన కంపెనీ అంకెలే, ఆళ్ళగడ్డ లైనువి. ఆళ్ళగడ్డలో ఈ పాటలు ఇంకెవరు తెరిచి ఉంచుతారు? చూస్తుండగానే ముక్కలు అటు పోతున్నాయి, ఇటు వస్తున్నాయి. అతనికి సంతోషమేసింది. సంతోషమేసినందుకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళకు ఇట్లా దొడ్డిదారిన వస్తాడా అన్న? వంగి ప్లగ్గు పీకేశాడు.

మర్నాడు పొద్దున్నే వదిన జెస్సీ ఫోన్ చేసింది.

"జానూ, నిన్న ఆపేసింది నువ్వేనా?"

"ఏందీ ఆపేసింది?"

"నాతో ఆటలాడొద్దప్పా. మీ అన్న రెండు నెల్లుగా ఆ కంప్యూటర్ ఆర్పకుండా పెట్టినాడు. కరెంటు పోతే లేసి మల్లా ఆన్ చేస్తాండాడు. నువ్వెప్పుడు తెరుస్తావో అని."

"ఫోన్ చేయొచ్చు గదా."

"ఏ మొగం పెట్టుకోని చేస్తాడు?"

మిగతా సంగతి కూడా జెస్సీయే చెప్పింది. హన్నమ్మకు చెవులు పోతున్నాయి. ఒకటి ఇప్పటికే పోయింది. రెండోది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని డాక్టర్ అన్నాడు. మిషను పెట్టినా లాభం లేదట. దగ్గర కూర్చుని గట్టిగా అరిస్తే ఇంకా వినపడుతోంది. ఆమె అడిగింది ఒక్కటే, చెవి ఉండగా ఒక్కసారి ఆయన పాట వినాలని. చర్చి పాటలేవీ కాదు. ఆమె జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు జోసెఫ్ సొంతంగా కట్టి, తర్వాత ఇంట్లో కూడా పాడుతుండిన పాట. కుందేరు ఏటి పేరుతో మొదలవుతుంది గనక వాళ్ళకది కుందేరు పాట.

"మా దాంట్లో ఆ పాట చివర ఉంది, మొదలు లేదు," అంది జెస్సీ. "నిన్న నువ్వు తెరిచిన కాసేపట్లో మొదటి మాట ఒకటి వచ్చింది. అత్తకు ఇనిపిస్తే ఏడ్చింది. ఇంకా పెట్టమంటాది. యాడుంది పెట్టేదానికి?"

తన దగ్గర ఆ పాట మొదలుంది. ప్రతి ఏడూ వింటాడు. సగంలో తెగిపోయి ఇంకో పాటలోకి దూకేస్తుంది.

"నేను నాయన మొగం చూడలా వదినా," అన్నాడు.

"చూడలేదప్పా. నిజమే. అది మేము నీకు తెచ్చియ్యలేము. ఆమె చెవి మాత్రం ఇంకా కొన్నాళ్ళుంటాది."

జాన్ ఫోన్ పెట్టేశాడు. అమ్మకు కోపమొచ్చిందనుకున్నాడు గానీ, తన మాట వినపడక పెట్టేస్తోందని తట్టనే లేదు. సిగ్గేసింది. లేచి ప్లగ్గు పెట్టి, కంప్యూటర్ ఆన్ చేసి, దాన్ని అట్లాగే వదిలేసి ఆఫీసుకు పోయాడు.

ఆఫీసులో గోడ మీద పెద్ద తెర ఉంది. లైన్లలో వచ్చేదీ పోయేదీ దాని మీద రెండు గీతలుగా కదులుతుంది. తను ఈ పనిలో చేరిన కొత్తలో ఆ రెండు గీతలూ దాదాపు సమానంగా లేచేవి. లైనంతా టొరెంట్లే తినేస్తున్నాయని పెద్ద సార్లు తిట్టుకునేవాళ్ళు. వాటి వేగాన్ని ఎట్లా నొక్కిపెట్టాలో నేర్పడానికి క్లాసులు కూడా పెట్టారు. ఎవరూ నొక్కిపెట్టక్కర్లేకపోయింది, వాటంతట అవే పోయాయి. ఇప్పుడు వచ్చే గీత సాయంత్రమైతే ఆకాశానికి లేస్తుంది. అన్నీ వీడియోలే, అన్నీ ఎక్కడో పెద్ద కంపెనీల గోడౌన్ల నుంచి వచ్చేవే. పోయే గీత నేలకు అంటుకుని పాకుతుంది. అందరూ తాగేవాళ్ళే, తోడిపోసేవాళ్ళు లేరు. మనిషి దగ్గరినుంచి మనిషి అడిగి తీసుకునే అవసరమే తీరిపోయింది. మంచిదే, ఎవరికీ ఎవరితో పనిలేదు! జాన్‌కు ఇన్నాళ్ళూ అది హాయిగానే ఉండింది.

"ఏందన్నా, పొద్దుట్నుంచీ ఆ కింది గీతే చూస్తాండావ్?" అన్నాడు పక్క సీటు హర్ష. "దాంట్లో ఏముంది?"

"మా అన్న ఉన్నాడు," అన్నాడు జాన్. హర్ష నవ్వాలో వద్దో తెలియక టీకి పోయాడు.

సాయంత్రం ఇంటికి పోయి చూస్తే దాదాపు అంతా వచ్చేసింది. దాదాపే. అక్కడక్కడా కొన్ని ముక్కలు ఇద్దరి దగ్గరా లేవు. అవి అజయ్ కుమార్ కంప్యూటర్లో మాడిపోయినవి, ఇక ఎవరూ ఇవ్వలేరు. జాన్ కుందేరు పాట పెట్టి విన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత మొదలూ చివరా ఒక్కచోట వినపడేసరికి కళ్ళు తుడుచుకున్నాడు. కానీ రెండో చరణం మధ్యలో గొంతు మాయమవుతుంది. దాదాపు నిమిషం పాటు ఏమీ ఉండదు. తర్వాత మళ్ళీ వస్తుంది.

ఆదివారం, ఆళ్ళగడ్డ మీదుగా పోయే చాగలమర్రి బస్సెక్కి ఊళ్ళో దిగాడు. గుమ్మంలో సాల్మన్ రాజు నిలబడి ఉన్నాడు. తల నెరిసిపోయింది. నాయన పోలికలు ముఖంలోకి దిగాయి. జాన్ తల తిప్పుకోవాల్సి వచ్చింది.

"సీటు దొరికిందా?" అన్నాడు సాల్మన్ రాజు.

"దొరికింది."

"ఆ పొద్దు ఆగాల్సింది జానూ." సాల్మన్ రాజు గడపకేసి చూస్తూ చెప్పాడు. "ఎండన్నారు, పెద్దోళ్ళన్నారు. ఎవురేమన్నా నేను ఆగాల్సింది."

"ఆ," అన్నాడు జాన్. క్షమించానని అనలేదు. చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

హన్నమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చిన్న కొడుకును చూసి ముఖం విప్పారింది. "ఎప్పుడు వస్తివి రా, బువ్వ తింటివా?" అని అడిగింది గానీ, జవాబు వినే ప్రయత్నం చెయ్యలేదు. జెస్సీ స్పీకర్ తెచ్చి ఆమె మంచి చెవి పక్కన పెట్టింది. సాల్మన్ రాజు పాట పెట్టి సౌండు పూర్తిగా పెంచాడు.

హార్మోనియం మొదలైంది. తర్వాత జోసెఫ్ గొంతు వచ్చింది. "కుందేరు ఎండినా నీ కృప ఎండదయ్యా..."

హన్నమ్మ స్పీకర్‌ను రెండు చేతులా పట్టుకుంది. ఏడవలేదు. చెవి ఇంకా దగ్గరికి ఆనించి, పెదాలు కదుపుతూ వింటోంది. మొదటి చరణం అయిపోయింది, రెండోది మొదలైంది. "నడిచే దారి మరిచినా..." అన్న దగ్గర గొంతు ఆగింది.

హన్నమ్మ స్పీకర్‌ను అటూ ఇటూ తిప్పింది. అరచేత్తో చెవి మీద తట్టుకుంది. ఆమె ముఖంలోని వెలుగంతా దిగిపోయింది.

"పొయింది రా," అంది. "ఈ సెవి గూడా ఇప్పుడే పొయింది."

"లేదత్తా, పాటలో తెగింది, నీ చెవి కాదు!" అని అరిచింది జెస్సీ. హన్నమ్మ అటు తిరగనైనా లేదు. నేల చూపులు చూస్తోంది.

జాన్ మంచం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. స్పీకర్ పక్కకు నెట్టి, ఆమె చెవికి నోరు ఆనించి, గట్టిగా ఎత్తుకున్నాడు. "...నా చెయ్యి వదలవయ్యా..." అతనికి రాగం ఎప్పుడూ రాదు. చిన్నప్పుడు నాయన నవ్వేవాడు. శ్రుతి తప్పుతున్నా పాడాడు. తర్వాతి మాట గుర్తుకు రాక తడబడితే, వెనకనుంచి అన్న అందుకున్నాడు. సాల్మన్ రాజు కూడా వంగి, తమ్ముడి భుజం మీద చెయ్యి ఊని, అదే చెవిలో పాడాడు. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి.

అంతలో స్పీకర్‌లో నాయన గొంతు మళ్ళీ వచ్చింది. జెస్సీ దాన్ని తీసి ఆమె చెవి దగ్గర పెట్టింది. అన్నదమ్ములు ఆపలేదు, ఆయనతో కలిసి పాడుతూనే ఉన్నారు.

హన్నమ్మ చెయ్యి చాచి జాన్ గొంతు తడిమింది. తర్వాత సాల్మన్ రాజు గొంతు తడిమింది.

"ఇనపడతాంది," అంది. "ముగ్గురూ ఇనపడతాండారు."