నాలుగు వందల ముప్ఫై ఏడో నంబరు బాతు

సోల్రున్‌కు అరవై మూడేళ్లు. అందులో ఇరవై ఆరు వేసవులు ఉత్తర ధ్రువానికి దగ్గరలోని గ్రోహోల్మెన్ దీవిలో తెల్లచెంపల అడవి బాతుల వెనక తిరగడానికే సరిపోయాయి. ఏ బాతు ఎక్కడ గుడ్లు పెట్టింది, ఏది దేనితో జోడు కట్టింది, అన్నీ ఆమెకు నోటికి వచ్చు.

జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం గుంట పక్కన నాచులో బోర్లా పడుకుని, దుర్భిణిలోంచి ఒక ఆడబాతు కాలికి గుర్తుగా తొడిగిన కడియం మీది అంకెలు చదివింది. చదివి, మోకాళ్ల నొప్పి కూడా మరిచి గబగబా చెక్కగదికి వచ్చింది.

"నాలుగు, మూడు, ఏడు! రాసుకో."

పరిశోధన చేస్తున్న ఇంగ్విల్ కంప్యూటర్లో చూసి, సరిచూసుకోవడానికి మళ్లీ వెతికింది. ఆ పిల్లకు మర్యాద ఎక్కువ. "సోల్రున్ గారూ, ఇది... రెండేళ్ల కిందటే స్కాట్లాండ్ ఒడ్డున చచ్చిపోయి దొరికిందని రాసి ఉందండీ. కడియం కూడా పోస్టులో పంపించారట."

పొయ్యి దగ్గర కాఫీ కాస్తున్న ఐలెర్ట్ పగలబడి నవ్వాడు. ఒకప్పుడు లోఫోటెన్‌లో చేపలు పట్టినవాడు. పదిహేనేళ్లుగా తెల్ల ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా ఈ బృందానికి తుపాకీతో కాపలా కాస్తున్నాడు. సోల్రున్‌ను ఏడిపించడం అతను జీతం లేకుండా చేసే రెండో ఉద్యోగం.

"ఇన్నాళ్లూ బతికిన బాతుల్ని లెక్కపెట్టావు. ఇప్పుడు చచ్చినవాటి దాకా వచ్చావన్నమాట!"

"స్కాట్లాండ్ వాళ్లే తప్పు చదివుంటారు," అంది సోల్రున్.

"అవునవును. చేతిలో పెట్టుకుని చదివినవాళ్లు తప్పు, వంద గజాల నుంచి చూసిన నువ్వు ఒప్పు."

అప్పటినుంచి ఆమెకు ఊపిరి సలపనివ్వలేదు. బల్ల మీద నాలుగో కప్పు పెట్టి, "మన దయ్యం బాతమ్మకు చక్కెర ఎన్ని చెంచాలు?" అని అడిగేవాడు. గాలికి తలుపు కొట్టుకుంటే, "వస్తున్నాం తల్లీ, ఉండు," అనేవాడు. చివరికి సోల్రున్‌కు రోషం వచ్చింది.

"ఈకలు రాలే రోజులు వస్తాయిగా, అప్పుడు పట్టి చూపిస్తా. నేను ఓడిపోతే సీజను అయ్యేదాకా వాఫుల్స్ నేనే వేస్తా."

"వద్దులే, నీ వాఫుల్స్ తినేది కూడా నేనేగా! ఓడింది నువ్వయినా శిక్ష నాకే!"

నెలాఖరుకు రెక్కల ఈకలు రాలి బాతులు ఎగరలేని స్థితికి వచ్చాయి. ఐలెర్ట్ చిన్న పడవలో వెనకనుంచి తోలుకొచ్చాడు. ఇంగ్విల్, సోల్రున్ చెరోవైపు చేతులు చాచి నిలబడి వాటిని వల దొడ్లోకి మళ్లించారు. యాభై మూడు పడ్డాయి. ఒకటే గోల, రెట్టలు, రెక్కల దెబ్బలు. ఆ గుంపులో ఆ ఆడబాతును సోల్రున్ నడక చూసే గుర్తుపట్టింది. చంకలో ఇరికించుకుని, కాలిని కాస్త దూరంగా పట్టి చదివింది.

"నాలుగు, మూడు, ఏడు. చూశావా?"

ఐలెర్ట్ వంగి చూశాడు. ఈసారి వెంటనే నవ్వలేదు.

"నాలుగు, ఎనిమిది, ఏడు," అన్నాడు మెల్లగా. "ఎనిమిదే, సోల్రున్. అరిగింది కూడా లేదు."

ఆమె కళ్లు చికిలించి మళ్లీ చూసింది. మూడులాగే కనిపించింది. బొటనవేలితో తడిమితే మాత్రం గీత రెండువైపులా మూసుకునే ఉంది.

"రాయి ఇంగ్విల్, నాలుగు వందల ఎనభై ఏడు," అని తలతిప్పింది. ఇంగ్విల్ అంకెలు రాసే పుస్తకం తెరవలేదు సరికదా, దాన్ని వీపు వెనక దాచుకుంది. సోల్రున్ చెయ్యి చాచి తీసుకుంది. తాను చెప్పిన అంకెల పక్కన పెన్సిలుతో సన్నగా వేరే అంకెలున్నాయి. ఒకచోట కాదు, పదకొండు చోట్ల.

"ఎప్పటినుంచి?"

"జూన్ చివరినుంచండీ. రాత్రిళ్లూ వెలుతురే కదా, మీరు పడుకున్నాక వెళ్లి మళ్లీ చూసొచ్చేదాన్ని. మీకెలా చెప్పాలో తెలియలేదు." ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సోల్రున్ బాతును వదిలేసి, ఒడ్డుకు వెళ్లి రాయి మీద కూర్చుంది. తప్పు చదివినందుకు కాదు ఆమెకు బాధ. ఐదు వారాలుగా తనను పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నారే, అందుకు.

ఐలెర్ట్ వచ్చి తుపాకీ మోకాళ్ల మీద పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"నీకు తెలుసా ఇదంతా?" అంది.

"తెలిస్తే నేను ఐదు వారాలు ఊరుకునేవాణ్ణా? రోజుకో పాట కట్టేవాణ్ణి కదే!"

అదీ నిజమే. ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే ముక్కు చీదింది.

"కళ్లల్లో పొర వచ్చినట్టుంది. ఊరెళ్లగానే చూపించుకో," అన్నాడు. "నా తమ్ముడు అలాగే ఆలస్యం చేసి, ఎదురింటావిడను భార్య అనుకుని చేతిసంచీ అందించాడు."

"ఆవిడేమంది?"

"తీసుకుంది. అందులో పొగబెట్టిన చేప ఉంది మరి."

సోల్రున్ లేచి దొడ్డి దగ్గరికి వెళ్లింది. ఇంగ్విల్ భుజం తట్టి పుస్తకం తన దగ్గరే ఉంచుకుంది.

"రేపటినుంచి దుర్భిణి నీది, పెన్సిలు నాది. ఎక్కడ వెతకాలో నేను చెబుతా, ఏం కనిపించిందో నువ్వు చెప్పు. నాది తప్పయితే తప్పని నా మొహం మీదే చెప్పు. ఇక దొంగచాటు పనులొద్దు."

"అలాగేనండీ."

మర్నాడు ముగ్గురూ ఉత్తరపు గుంట దగ్గర పడుకున్నారు. సోల్రున్ చెప్పిన చోటల్లా బాతులు ఉన్నాయి. ఏ వంపులో మేస్తాయో, ఏ గాలికి ఎటు తిరుగుతాయో ఆమె చూడకుండానే చెబుతోంది. ఇంగ్విల్ చకచకా తొమ్మిది అంకెలు చదివింది.

"ఆ నాచుగట్టు మీద ఒకటి కదలకుండా కూర్చుంది, చూడు," అంది సోల్రున్. "ముసలిది. దాని కడియం చదువు."

ఇంగ్విల్ చూసింది. పెదవి కొరుక్కుంది. ఐలెర్ట్ వైపు ఒకసారి, సోల్రున్ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"అది బాతు కాదండీ, రాయి."

ఐలెర్ట్ మొహం నాచులో దాచుకున్నాడు. అతని వీపు కదిలిపోతోంది.

"ఏ రంగు రాయి?" అని పెన్సిలు సిద్ధంగా పట్టుకుని అడిగింది సోల్రున్.