చేతికందే నల్లబల్ల

తదాలా చక్రాల కుర్చీలో తిరుగుతూనే టీచరు శిక్షణ పూర్తి చేసింది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు ఒడ్డున ఒక బడిలో ఆమెకు ఒకటో తరగతి ఇచ్చారు. నల్లబల్ల మాత్రం ఆమె చెయ్యి చాపినా అందనంత ఎత్తులో ఉంది.

"ఎందుకమ్మా ఈ తిప్పలు? ఆఫీసులో కూర్చుని హాజరు చూసుకోండి," అన్నాడు హెడ్మాస్టరు చిరాంబో జాలిగా.

"నేను వచ్చింది పాఠం చెప్పడానికి సార్," అంది తదాలా.

శనివారం ఆమె పిల్లల తల్లులను పిలిచింది. అందరూ కలిసి పాత టార్చి బ్యాటరీల్లోని నల్లపొడిని నూరి, కర్రపెండలం గంజిలో కలిపి, తరగతి గోడల కింది భాగమంతా నల్లబల్లలా పూశారు.

సోమవారం చిరాంబో చూసి నొసలు చిట్లించాడు. "ఇంత కిందనా? వెనక వరసవాళ్లకు ఏం కనిపిస్తుంది?"

"మూడు గోడలకూ పూశాం సార్. మా క్లాసులో ఇక వెనక వరస లేదు."

అంతలో ఫత్సానీ అనే చిన్నపిల్ల లేచి, సుద్దముక్క తీసుకుని గోడ మీద తన పేరు రాసింది. ఇన్నాళ్లూ అక్కడ పిల్లలెవరికీ బోర్డు అందలేదు. మిగతావాళ్లు సుద్ద కోసం ఎగబడ్డారు.

చిరాంబో వంగి గోడ మీది నలుపును వేలితో తాకి చూశాడు. "ఆ నలుపు ఇంకా మిగిలిందా మేడమ్? రెండో తరగతికి కూడా..."

"మిగల్లేదు సార్. శనివారం చొక్కా చేతులు మడుచుకుని రండి, కలిసి నూరుదాం," అంటూ తదాలా కుర్చీని పక్క గోడవైపు తిప్పింది.