అయిదో పత్తా

మూడో అంతస్తు వరండాలో బకెట్టు దింపి ఎంకన్న తడిగుడ్డ పిండాడు. ఫినాయిల్ నీళ్ళు పలుచటి మజ్జిగలా ఉన్నాయి. ఎప్పుడూ తడిలోనే ఉండడం వల్ల వేళ్ళ సందుల్లో చర్మం నాని తెల్లబడింది. కుడిచేత్తో తుడుస్తూ, ఎడమచేత్తో పిల్లల చెప్పులు జతలు చెడకుండా గోడవైపు జరుపుతున్నాడు.

రోజూ పొద్దున్నే వారాసిగూడ నుంచి బయలుదేరి, యూనివర్సిటీ క్యాంపస్‌కు అడ్డంపడి నడిచి, తార్నాక గల్లీలోని ఈ ప్రైవేటు హాస్టలుకు వస్తాడు. వాకింగుకు వచ్చిన పెద్దమనుషులు చేతులూపుకుంటూ ఎదురైతే రోడ్డు అంచుకు జరుగుతాడు. ఎవరి కంటా పడకుండా నడవడం అతనికి చిన్ననాటి అలవాటు.

దివాకర్ గది ముందు ఇవాళ ఒక్క జత చెప్పులే ఉన్నాయి. అదే గదిలో ఉండే మిగతా ఇద్దరూ నిన్ననే పరుపులు చుట్టుకుని వేరే గదికి మారిపోయారు.

దివాకర్ క్యాంపస్‌లో పీజీ చదువుతున్నాడు. తీరిక దొరికితే ఒక ఆట తయారుచేస్తుంటాడు. అట్టముక్కల మీద బొమ్మలు గీసి, పత్తాలంటూ పేకముక్కల్లా నేలమీద పరుస్తాడు. ఆ ఆటలో ఒక లోకం, ఆ లోకంలో నాలుగు రాజ్యాలు. ఒక్కో రాజ్యానికి మంత్రశక్తి ఒక్కో చోటు నుంచి వస్తుంది. ఒకరోజు గది ఊడ్వడానికి వెళ్ళిన ఎంకన్నను కూర్చోబెట్టి అన్నీ చూపించాడు.

"గిది మట్టి కాకా. మెల్లగ వస్తది గానీ ఎంత వాడినా ఒడువది. గిది నిప్పు. జల్ది వస్తది, వాడినోన్ని గూడ కాలుస్తది. గిది నెత్తురు. పుట్టుకతోనే వస్తది, వద్దన్నా పోదు. గిది చదువు. గురువు దగ్గర నేర్సుకోవాలె, మర్సిపోతే ఖతం. ఏది పెద్దదంటవ్?"

ఎంకన్న చీపురు పక్కన పెట్టి నాలుగు పత్తాలనూ చాలాసేపు చూశాడు. ఏది పెద్దదో తేల్చమని అతన్ని అడిగినవాళ్ళు అంతవరకూ లేరు.

"నెత్తురుది అన్యాలం. అడగకుంట మీద పడేది మంచిది గాదు. నిప్పు సల్లారిపోతది. మట్టే నయం."

"మరి మీ ఊళ్ళె మంత్రం యాడికెళ్ళి వస్తది?"

"మంత్రగాని తాన ఏముండది బిడ్డా. పక్కింటోళ్ళ నోట్ల ఉంటది. వాళ్ళు అన్నరంటే అయిపాయె."

దివాకర్ తొడ చరిచాడు. "అయిదోది! దీనికి గూడ పత్తా చేస్తా కాకా, నీ పేరు మీద."

తల్లి రాములవ్వ సంగతి మాత్రం ఎంకన్న చెప్పలేదు. పక్కింటి బర్రె చచ్చిపోతే, ఆమే బాణామతి చేసిందన్నారు. మళ్ళీ మంత్రం పలక్కూడదని పట్టకారుతో ముందరి పళ్ళు పీకారు. కొడుకును చంకనేసుకుని ఆమె పట్నం వచ్చింది. బతికినంతకాలం కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. నవ్వినా అంతే. పోయిననాడు కూడా కొంగు నోటిమీదే ఉంది.

ఆ తల్లి కొడుకే ఆ రోజు వంటింట్లో చాయ్ తాగుతూ పరాచికమాడాడు.

"ఆ పిలగాని రూముల గంత సేపు ఏం జేస్తున్నవ్ అన్నా?" అని వంటచేసే భూదేవి అడిగింది.

"మంత్రాలు నేర్సుకుంటున్న చెల్లె. రేపటి సంది చాయ్‌ల చక్కెర తక్కువేస్తివో, నీ బొమ్మ చేపిస్త."

"అబ్బో! ముందుగాల నీ నడుము నొప్పికి మంత్రం ఏపిచ్చుకో పో!" అని ఆమె పకపకా నవ్వింది. ఎంకన్నా నవ్వాడు.

ఆ వారమే పక్కగది భానుప్రకాశ్‌కు కామెర్లొచ్చాయి. బొమ్మ గీయడానికని దివాకర్ పసుపు కుంకుమలు పూసి పెట్టుకున్న నిమ్మకాయ, వాడిపోయి చెత్తబుట్టలో పడింది. ఆ బుట్టను కిందికి మోసుకొచ్చింది ఎంకన్నే. కూరగాయల తొక్కలు అందులో వేయబోయిన భూదేవి, నిమ్మకాయ చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంకన్న అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. ఈసారి నవ్వలేదు. కామెర్లు దివాకర్ చేతబడి వల్లేనన్న మాట పాకి, మర్నాటికి మెస్సులో, చదువుకున్న పిల్లలే, దివాకర్ పక్క కుర్చీలు ఖాళీగా వదిలేశారు.

ఇవాళ మధ్యాహ్నం మేనేజరు భూపాల్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏయ్ ఎంకన్నా, ఇటు రా. రోజు నువ్వే గద ఈ రూము ఊడ్సేది? లోపల ఏం జేస్తడు ఈన? సాఫ్ చెప్పు."

దివాకర్ గడపలో నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "కాకాకు అన్నీ చూపెట్టిన సార్. అది ఆట. చెప్పు కాకా."

ఎంకన్న చేతిలోని గుడ్డ నుంచి నీళ్ళు కారి పాదాల మీద పడుతున్నాయి. ఒక్క మాట చాలు. ఆటే సార్, మంత్రాలని పరాచికమాడింది నేనే అంటే చాలు. ఆ తర్వాత అడుగుతారు: నీకెందుకొచ్చింది ఆ మాట, ఏ ఊరు, ఎవరి కొడుకువు? పట్నంలో ఇన్నేళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న అది.

"నాకేమెర్క సార్. ఊడ్సి వస్త, గంతే."

అన్నాక చూసుకుంటే, ఎడమచెయ్యి నోటికి అడ్డంగా ఉంది.

భూపాల్ దివాకర్ వైపు తిరిగాడు. "నేను నమ్ముతున్న అంటలేను తమ్మీ. పోరగాళ్ళందరు ఖాళీ చేస్తమంటుండ్రు. నా ధందా నాకున్నది. పొద్దుమూకేలోపల వేరే రూము చూస్కో."

సాయంత్రం ఆటో వచ్చింది. సీతాఫల్‌మండిలో దోస్తు గదికట. పుస్తకాల సంచి ఎంకన్న మోశాడు. ప్రతి మెట్టు దగ్గరా చెబుదామనుకున్నాడు. కింద గేటు దగ్గర సంచి దింపి, "బిడ్డా, ఆ మాట..." అన్నాడు.

"ఫికర్ చెయ్యకు కాకా. చెప్తే నీ నౌకరి పోతుండె, నాకెర్కలేదా?" దివాకర్ అతని భుజం పట్టుకున్నాడు. "మొత్తం హాస్టల్‌ల నాతోని కూసోని మాట్లాడింది నువ్వొక్కనివే."

ఆటో మలుపు తిరిగింది. ఎంకన్న చీపురు తీసుకుని పైకి వెళ్ళాడు.

గది బోసిగా ఉంది. మంచం కింద ఊడుస్తుంటే చీపురుకు తగిలి ఒక అట్టముక్క బయటికొచ్చింది. ఒక మూల చిన్న అక్షరాలతో 'ఎంకన్న కాకా' అని రాసి ఉంది. మధ్యలో పెద్దగా తెరిచిన నోరు. పెదవులకు ఎరుపు వేయడం అయిపోయింది. పళ్ళు ఇంకా గీయలేదు.