సున్నం విరుగుడు

చీమ కుట్టినచోట దిగేది ఆమ్లం, సున్నం క్షారం, రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి తీసేస్తుంది, అంతవరకు తాను చెప్పింది తప్పేమీ కాదు కదా, అనుకుంది హెప్సిబా.

బల్మూరు బడిలో సైన్సు టీచరామె. సాయంత్రం వాకిట్లో ట్యూషన్ చెబుతుంటే అత్త కాంతమ్మ గోడకానుకొని వింటుంది. ఈ పొద్దున చేను దారిలో ఊరకుక్క కాంతమ్మ పిక్క పట్టింది. ఆమె ఆకువక్కల సంచిలోంచి సున్నం తీసి, నెత్తురు కారుతున్న గాట్ల మీద దట్టంగా పూసుకుంది.

"దవాఖానకు పోదాం పా అత్తమ్మా."

"ఎందుకే? సున్నం పెడితే ఇసం ఇరుగుతదని నువ్వే చెప్తివి గద. పోరగాండ్లకేమో పాఠం, నాకేమో సూదులా?"

"అది చీమకు. ఇది కుక్క."

"అబ్బో! కరిచే నోరు మారితే పాఠం మారుతదా, టీచరమ్మా?"

"నీ ఇష్టం" అని ఊరుకుంది హెప్సిబా. ఆ ఊరుకోవడమే ఇప్పుడామెను తినేస్తోంది. అత్తతో గొడవెందుకు, నేను తటస్థంగా ఉంటానని భర్త సాంసన్‌తో గొప్పగా చెప్పుకునేది. తటమంటే ఒడ్డు. నీళ్లలో ఎవరు మునిగినా ఒడ్డున నిలబడ్డవాళ్లకు తడి అంటదు.

కుక్క చొంగలో ఉండేది ఆమ్లం కాదు. వైరస్ ఉంటే అది నరం పట్టుకొని మెదడు దాకా పాకుతుంది. సూదిమందుతో ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలు దాన్ని చుట్టుముట్టి లోపలికి పోనివ్వవు. ఆమ్లాన్ని క్షారం విరిచినట్టే, పుస్తకం దీన్నీ తటస్థీకరణమనే అంటుంది. ఆలస్యమైతే మాత్రం ఏ మందూ దాన్ని అందుకోలేదు.

ఇదంతా తెలిసే "నీ ఇష్టం" అంది. అన్నప్పుడు లోపల ఏదో చల్లగా తగిలింది. అత్త గొంతు వినపడని ఇల్లు ఒక్క క్షణం కళ్లముందు కదిలింది. దాన్ని కోరిక అనాలా? పేరు పెట్టాలంటే భయమేసింది. భయం వేసినందుకు ఊరట కలిగింది. ఆ ఊరట మీద అసహ్యం పుట్టింది.

గడపలో కాంతమ్మ కాలు చాపుకొని కూర్చుంది. సున్నం ఎండి బీటలు వారింది.

"మస్తు మండుతుందే. ఇరుగుతున్నట్టుంది" అని నవ్వింది, కోడలి ముఖం చూడకుండా. ఆ నవ్వు వణికింది.

హెప్సిబా లేచి సబ్బూ, చెంబూ, బకెట్ నిండా నీళ్లూ తెచ్చింది.

"ఏందే ఇది?"

"కడిగినంక దవాఖానకే."

కాంతమ్మ కాలు వెనక్కి లాక్కోబోయింది. హెప్సిబా ఆ మడమను ఒడిలోకి తీసుకొని, నీళ్లు పోస్తూ, సున్నాన్ని మెల్లగా కడగసాగింది.