మూడు అంటే నాలుగో గది

ఇనుప రాడ్డు మూడో నంబరు గది తలుపు మీద పడ్డ మొదటి దెబ్బకే పక్క గదిలో భానుశ్రీ మంచం మీంచి లేచింది. ఆ దెబ్బ పడాల్సింది తన తలుపు మీద.

ఢిల్లీ మునిర్కాలోని ఆ మేడకు ధర్మయ్య కాపలాదారు. అద్దెకున్న వాళ్లలో ఎవరో దొంగచాటుగా కాయిల్ హీటరు వాడితే మెట్ల దగ్గరి మీటర్ల పెట్టె అంటుకుంది. ఆర్పబోయిన ధర్మయ్య ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. రోజూ పుస్తకంలో రాసుకున్న పన్నెండు గదుల మీటరు రీడింగులూ నిన్న భానుశ్రీ ముందు పడేశాడు.

"కంప్యూటర్ సదువుతున్నవ్ గద బిడ్డా! ఆ దొంగ ఏ గదిల ఉన్నడో తీసియ్యి."

చలికి తాళలేక హీటరు తనూ వాడింది. ఇంకా చాలామంది వాడి ఉంటారు, వాళ్లలో తనూ కలిసిపోతుంది అనుకుంది. ప్రోగ్రాంలో ఒక్కో గది వివరాల్ని ఒక్కో ఆబ్జెక్టుగా రాసి, అన్నిటినీ వరుసగా పేర్చింది. ఆ వరుసంతా తిరుగుతూ, రీడింగు హద్దు దాటిన స్థానాల దగ్గర మాత్రమే ఆగి, వాటి అంకెలు చెప్పే లూపు రాసింది. తెర మీద ఒకే ఒక్క అంకె వచ్చింది.

3.

ప్రోగ్రాంలో ఆ వరుస లెక్క సున్నాతో మొదలవుతుంది. సున్నా అంటే ఒకటో గది. మూడంటే నాలుగో గది, తనది.

"మూడా! ఆ మల్లేశంగాడా!" అంటూ పక్కనే కూర్చున్న ధర్మయ్య లేచాడు. భానుశ్రీ అతన్ని సరిదిద్దకుండా కంప్యూటరు మూసేసింది. ఆ రాత్రంతా మల్లేశం గదికి తాళమే ఉంది.

ఇప్పుడు ఆ మూడో నంబరు తలుపు విరిగింది. ధర్మయ్య మల్లేశాన్ని జుట్టు పట్టుకుని వరండాలోకి ఈడ్చాడు.

"హీటర్ యాడ దాసినవ్ రా?"

"నాకు దుప్పటే సక్కగ లేదన్నా, హీటరెక్కడిది?"

రాడ్డు డొక్క మీద పడింది. మల్లేశం పెదవి నేలకు కొట్టుకుని చిట్లింది. గచ్చు మీద రక్తం చారలు కట్టింది. "అరే భయ్యా, ఛోడో!" అని, వదిలెయ్యమంటూ పైనుంచి ఎవరో అరిచారు గాని కిందికి రాలేదు.

"నా చెయ్యి కాలవెట్టినవ్. నీకు మాత్రం ఎందుకురా చెయ్యి?"

ధర్మయ్య అతని కుడి మణికట్టును బూటుకాలితో తొక్కిపట్టాడు. వారంలో పరీక్ష రాయాల్సిన చెయ్యి అది. రాడ్డు పైకి లేచింది.

భానుశ్రీ తన గది తలుపు తీసుకుని వరండాలోకి ఉరికింది. "అంకుల్, ఆగండి! నిన్నటి ప్రోగ్రాం సున్నా నుంచి లెక్కపెడుతుంది. మూడంటే నాలుగో గది. నాదే!"

రాడ్డు అప్పటికే దిగింది. ఎండుపుల్ల విరిగినట్టు ఎముక చిట్లింది.

మల్లేశం కేక ఆగడానికి చాలాసేపు పట్టింది. రక్తం ఉమ్మి ఆమె వైపు చూశాడు.

"నిన్ననే చెప్పకపోతివా చెల్లె?"

ధర్మయ్య రాడ్డుతో నాలుగో గది వైపు తిరిగాడు. భానుశ్రీ లోపలికి పరుగెత్తి తలుపు మూసుకోలేదు.